గంట నాదం – కంచు గర్భంలోని అంకురాలు

(జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆలయ స్థలపురాణాన్ని గురించి, ఆగమ విధులను గురించి చెప్పడానికి ఈ సభలో అర్హులు ఎందరో ఉన్నారు. నాకు ఆ అధికారం లేదు. ముప్పది సంవత్సరాలకు పైగా లోహశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకొంటున్నవాడిని. నన్ను మాట్లాడమన్నది గంటను గురించి. మహామండపంలో మీరు మ్రోగించి లోనికి వస్తున్న గంట రెండవసారి పోత పోసినది. మొదటిసారి పోసినది పగిలిపోయింది. ఈ సంగతి చాలామందికి తెలుసు. ఎందుకు పగిలిందన్నది మాత్రం ఊరిలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పుకొన్నారు. దాతలిచ్చిన లోహంలో దోషమున్నదని కొందరన్నారు, ముహూర్తబలం చాలలేదని మరికొందరు, కంచరి మేస్త్రికి పని తెలియదని ఇంకొందరు. ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు. ఆ తప్పు నాది. అది ఎట్లా జరిగిందో మీకు విన్నవించడానికే ఇక్కడ నిలబడ్డాను. అయితే అది అర్థం కావాలంటే ముందు కంచు అంటే ఏమిటో కొంచెం చెప్పవలసి ఉంటుంది.

పాత గంట తరతరాలుగా మ్రోగి, అంచు వద్ద బీటవారి, చివరి రోజులలో పగిలిన కుండను కొట్టినట్లు వినిపించేది. దానిని కరిగించి, దానికి కొత్త లోహం చేర్చి, 150 కిలోల గంటను పోయాలని సంఘం వారు నిర్ణయించారు. ఈ వార్త తెలియగానే భక్తులు తెచ్చిన వస్తువులను చూస్తే కన్నులు చెమర్చాయి. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, కంచు కంచాలు, వెండి కుంకుమ భరిణెలు. ఒక తల్లి చేతి ఉంగరం తీసి పళ్ళెంలో పెట్టింది. బంగారం పడితే గంట బాగా పలుకుతుందని మన పెద్దల నమ్మకం. ఇటువంటి నమ్మకం ఐరోపా దేశాలలోనూ వెండి విషయంలో ఉండేది.

నేను అడ్డుపడ్డాను. ఇత్తడిలో యశదం ఉంటుంది, దానికి తోడు పాత బిందెల అతుకులలో సీసం ఉంటుంది. సీసం రాగిలో కలవదు. కరిగినప్పుడు కలిసినట్లే కనబడుతుంది గాని, గడ్డకట్టిన తరువాత చిన్న చిన్న బిందువులుగా విడిగా నిలిచిపోతుంది. విగ్రహాలకు అది మేలు చేస్తుంది, ఎందుకంటే కరిగిన లోహం అచ్చు మూలమూలలకూ చక్కగా పారుతుంది. గంటకు మాత్రం ఆ మెత్తని బిందువులు నాదాన్ని మింగివేస్తాయి. కావున ఇత్తడిని దీపపు సెమ్మెలకు, బంగారాన్ని, వెండిని స్వామివారి ఇతర కైంకర్యాలకు కేటాయించి, రాగిని, కంచును మాత్రమే గంటకు తీసుకొన్నాము. దాతలలో కొందరు నొచ్చుకొన్నారు. వారిని ఇప్పుడైనా క్షమించమని కోరుతున్నాను. ఇచ్చిన వస్తువు ఏదీ వృథా పోలేదు. దాతల పట్టికలో అన్నీ నమోదై ఉన్నాయి.

ఇక కంచు సంగతి. నూరు పాళ్ళ గంట కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం. రాగి తీగను చేతితో వంచవచ్చు. తగరాన్ని గోటితో గీరవచ్చు. రెండూ మెత్తనివే. ఒక్కొక్కదానిని విడిగా పోత పోసి గంట చేస్తే ఏ ఒక్కటీ కంచువలె పలకదు. ఈ రెండు మెత్తని లోహాలు కలిసి గాజువంటి కాఠిన్యాన్ని, ఆ దీర్ఘనాదాన్ని ఎక్కడినుండి తెచ్చుకొన్నాయి? కలిపినంత మాత్రాన రాలేదు. చల్లారే దారిలో, ఘనరూపంలో ఉన్న లోహం లోపల, అంతకుముందు లేని ఒక కొత్త పదార్థం పుట్టింది. దానిని మా శాస్త్రంలో ప్రావస్థ అంటారు.

ప్రావస్థ అంటే పరమాణువులు కూర్చున్న తీరు. మన ఆలయంలోనే చూడండి. అదే జనం ప్రదక్షిణలో ఒక విధంగా నడుస్తారు, అన్నదాన పంక్తిలో మరొక విధంగా కూర్చుంటారు. మనుషులు వారే, అమరిక వేరు. పంక్తిలో కూర్చున్నవారి మధ్యనుండి వడ్డించేవారు సులభంగా నడిచిపోతారు, కిక్కిరిసి నిలబడినచోట వేలు పెట్టడానికి సందు ఉండదు. పరమాణువుల అమరిక మారితే లోహం మెత్తనో గట్టో అవుతుంది, రంగు మారుతుంది, పలుకు మారుతుంది.

మరి పాత అమరికలోనుండి కొత్త అమరిక ఎట్లా మొదలవుతుంది? ఒక్కసారిగా అంతటా మారదు. ముందు ఒక అంకురం పుట్టాలి. ఈ ఉత్సవాలకు అంకురార్పణతో శ్రీకారం చుట్టారు గదా, పాలికలలో నవధాన్యాలు చల్లి. లోహంలోనూ పని అంకురంతోనే మొదలవుతుంది, అయితే అక్కడ విత్తేవారు ఎవరూ ఉండరు. పరమాణువులు నిరంతరం కదులుతూ ఉంటాయి గనుక కొన్ని కొన్ని చోట్ల యాదృచ్ఛికంగా కొత్త అమరికలో గుమిగూడతాయి. వాటిలో చాలా భాగం మరుక్షణంలో చెదిరిపోతాయి. కారణం సరిహద్దు. గుంపు చిన్నదైతే దానిలో లోపలివారి కంటె అంచున నిలిచినవారే ఎక్కువ. అంచున ఉన్న పరమాణువు ఇటూ అటూ కాక ఇబ్బంది పడుతుంది, ఆ ఇబ్బందికి శక్తి ఖర్చవుతుంది. గుంపు ఒక పరిమాణం దాటితే లోపలి లాభం అంచు నష్టాన్ని మించుతుంది. అప్పటినుండి అది పెరుగుతూనే పోతుంది. ఇద్దరు ముగ్గురు ఎత్తుకొన్న భజన మధ్యలో ఆగిపోవచ్చు, పదిమంది అందుకొన్నదాన్ని ఆపడం కష్టం. ఈ లెక్కకు పునాది వేసినవాడు అమెరికా దేశపు విల్లర్డ్ గిబ్స్. 1876 – 1878 సంవత్సరాలలో ప్రకటించిన సుదీర్ఘ వ్యాసంలో ఆయన ఈ విషయాన్ని నిరూపించాడు. ఆ కాలంలో దానిని చదివి అర్థం చేసుకొన్నవారు బహు స్వల్పం.

మన వంటింటిలో ఈ శాస్త్రమంతా ఉన్నది. కాచిన నెయ్యిని కదపకుండా నిదానంగా చల్లారనిస్తే పూస కడుతుంది. చల్లని నీళ్ళలో గిన్నె పెట్టి త్వరపెడితే నునుపుగా పేరుతుంది గాని పూస రాదు. నిదానించినప్పుడు అంకురాలు కొద్ది, ఒక్కొక్కటి పెద్దదిగా పెరుగుతుంది. త్వరపెట్టినప్పుడు అంకురాలు వేలకొద్దీ పుట్టి ఒకదానినొకటి ఎదగనీయవు. పటికబెల్లం చేసేవారు పాకంలో దారం వేలాడదీస్తారు, అంకురానికి ఆనుకొనే ఆధారం దొరికితే పని సులభం కనుక. లోహంలోనూ అచ్చు గోడలు, లోపలి రేణువుల సరిహద్దులు అటువంటి దారాలే.

గంట చల్లారే క్రమాన్ని ఇప్పుడు చెబుతాను. రాగి 1085 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతాయి. రెండూ కలిసిన ద్రవం 900 డిగ్రీలకు దిగువన గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ముందుగా రాగి అధికంగా గల ఆల్ఫా అనే ప్రావస్థ చెట్టుకొమ్మల ఆకారంలో పెరుగుతుంది. 798 డిగ్రీల వద్ద ఆ కొమ్మలు, మిగిలిన ద్రవం కలిసి బీటా అనే మరొక ప్రావస్థను కంటాయి. ఇంతటితో లోహమంతా ఘనమైనట్లే. సామాన్యంగా మనం పని అయిపోయిందనుకొంటాం. అసలు పని అప్పుడే మొదలవుతుంది. 586 డిగ్రీల వద్ద బీటా విడిపోయి ఆల్ఫా, గామా అవుతుంది. 520 డిగ్రీల వద్ద గామా తిరిగి విడిపోయి ఆల్ఫా, డెల్టా అవుతుంది. చివరకు మిగిలేది ఎరుపు పసుపు కలిసిన ఆల్ఫా, దానితో పెనవేసుకొన్న నీలి తెలుపు డెల్టా. మన గంటలో మూడవ వంతుకు పైగా డెల్టాయే.

ఆ డెల్టాయే గంటకు గొంతు. అది మహా కఠినం, కొట్టిన దెబ్బను తనలో ఇంకించుకోకుండా కంపనంగా తిరిగి ఇస్తుంది. అయితే మహా పెళుసు కూడా. ఆల్ఫా మెత్తగా ఉండి దానిని పట్టి ఉంచుతుంది. తగరం బాగా తగ్గితే డెల్టా చాలదు, గంట మందకొడిగా పలుకుతుంది. బాగా పెరిగితే డెల్టా పెచ్చుపెరిగి, గంట మొదటి దెబ్బకే విరుగుతుంది. కేరళలోని ఆరన్ముళలో తయారుచేసే లోహదర్పణం దాదాపు మూడవ వంతు తగరంతో చేసినది. అది ఇంచుమించుగా అంతా డెల్టాయే అని పరిశోధకులు తేల్చారు. అద్దంవలె మెరుస్తుంది, క్రింద పడితే అద్దంవలెనే పగులుతుంది. కంచు మ్రోగినట్లు బంగారం మ్రోగదని వేమన చెప్పిన సంగతి మనకందరికీ తెలుసు. ఆయన అల్పులను గురించి చెప్పాడు. లోహశాస్త్రజ్ఞుడిగా చూస్తే ఆ మాట అక్షరాలా సత్యం. బంగారంలో డెల్టా వంటిది ఏదీ లేదు. అందులో అంతటా ఒకే మెత్తని అమరిక.

ఇక్కడ ఒక చిత్రం. ఇదే కంచును ఎర్రగా కాలుతున్నప్పుడు, అంటే 586 డిగ్రీలకు పైన బీటా స్థితిలో ఉండగా, నీటిలో ముంచితే పగలదు సరికదా కొంత సాగే గుణం తెచ్చుకొంటుంది. డెల్టా పుట్టడానికి పరమాణువులు చోటు మారాలి, దానికి వ్యవధి కావాలి. నీటిలో ముంచితే ఆ వ్యవధి దొరకదు. అప్పుడు పరమాణువులు చోటు మారకుండా, కవాతులో అడుగు జరిపినట్లు అన్నీ ఒక్కుమ్మడిగా జరిగి వేరొక అమరికలోకి వస్తాయి. ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలో ముంచినప్పుడు జరిగేదీ ఇదే, జర్మనీ దేశస్థుడైన మార్టెన్స్ పేరు మీద దానిని మార్టెన్సైట్ అంటారు. తగరం హెచ్చుగా గల కంచుతో తాళాలను, పాత్రలను సాగగొట్టే పనివారికి ఈ రహస్యం తరతరాలుగా తెలుసు. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరు సమాధులలో, నీలగిరులలో లభించిన ప్రాచీన పాత్రలు ఈ పద్ధతిలో చేసినవే.

ఇప్పుడు నా తప్పుకు వస్తాను.

మొదటి పోత సాయంకాలం జరిగింది. మరునాటి ఉదయం గంటను అచ్చునుండి తీసి, పసుపు నీళ్ళతో తొలి అభిషేకం చేయాలని సంకల్పం. అప్పటికే ముహూర్తం అచ్చు వేయించారు, దాతలు పొరుగూళ్ళనుండి వచ్చారు. తెల్లవారి గుంట త్రవ్వి, పైమట్టి విడదీశారు. కంచరి మేస్త్రి నా దగ్గరకు వచ్చి, "ఇంకొక రోజు ఆగుదాం మాస్టారూ, లోపలి మట్టి ఇంకా వేడి వదల్లేదు" అన్నాడు. నేను గంట పైభాగాన్ని చేతితో తాకి చూశాను. గోరువెచ్చగా ఉన్నది. అర్చకస్వామి నా వైపు చూసి, "పోయవచ్చునా?" అని అడిగారు. నేను తల ఊపాను.

చెంబెడు నీళ్ళు పడ్డాయి. చిటుక్కుమని ఒక శబ్దం, అంతే. అంచునుండి పైకి జానెడు బీట.

పైభాగం చల్లారింది గాని, అంచు చుట్టూ లోపల నింపిన మట్టి ముద్ద రాత్రంతా వేడిని దాచుకొని ఉన్నది. డెల్టా అప్పటికే పుట్టి, స్థిరపడి ఉన్నది. ఎర్రని బీటాకు నీరు మేలు చేస్తుందని ఇందాక చెప్పాను. డెల్టా పుట్టిన తరువాత అదే నీరు శత్రువు. పైపొర ముడుచుకొంటుంది, లోపలి పొర ముడుచుకోదు, పెళుసైన డెల్టా సర్దుకొనలేక విరుగుతుంది. ఈ పాఠాన్ని ఎన్ని సంవత్సరాలు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పానో లెక్కలేదు. ఏ బొమ్మా గీయని మేస్త్రి అరచేతితో తెలుసుకొన్నాడు. ముహూర్తం దాటిపోతుందన్న తొందరలో నేను ఆయన మాట వినలేదు. ఆ రోజు నలుగురిలో ఆయనను నిందిస్తున్నప్పుడు నేను వెంటనే నోరు విప్పలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

నా తప్పుకు సమర్థనగా చెప్పడం లేదు గాని, ఇటువంటివి లోకంలో జరిగాయి. మాస్కోలో 1735లో పోసిన జార్ గంట సుమారు 200 టన్నులు. 1737లో అగ్నిప్రమాదం జరిగినప్పుడు వేడెక్కిన గంటపై నీళ్ళు చల్లారు. 11 టన్నులకు మించిన ముక్క ఊడి పడింది. ఆ గంట ఒక్కసారీ మ్రోగలేదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం కోసం లండన్‌లో పోయించిన గంట 1752లో పరీక్షించబోతే పగిలింది. పెళుసుదనం తగ్గించాలని అక్కడి పోతపనివారు రాగి ఎక్కువ కలిపి 1753లో తిరిగి పోశారు. పగలలేదు గాని పలుకు బాగుండలేదు. జనం నవ్వితే మూడవసారి పోశారు. దానినే తరువాతి కాలంలో లిబర్టీ బెల్ అన్నారు, అదీ చివరకు పగిలింది. డెల్టా తక్కువైతే నవ్వులపాలు, ఎక్కువైతే ముక్కలపాలు. ఆ ఇరుకు దారిలోనే గంట పోసేవారు నడవాలి.

మన మొదటి గంట పగిలిన నాటి సాయంకాలం ఒక వృద్ధురాలు నా ఇంటికి వచ్చారు. "బాబూ, మా అత్తగారి కంచు కంచం అందులో వేశాను. ఆవిడ పెళ్ళినాటిది. ఇక అది పోయినట్లేనా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

అమ్మా, మీ కంచం ఎక్కడికీ పోలేదు. పగిలిన గంటను ఒక్క ముక్క విడవకుండా తూచి, మళ్ళీ మూసలో వేశాము. కరిగినప్పుడు ఆల్ఫా, డెల్టా అన్నీ కరిగిపోయాయి, బీట కూడా కరిగిపోయింది. ద్రవానికి తాను ఒకప్పుడు పగిలానన్న గుర్తు ఉండదు. రాగి రాగిగా, తగరం తగరంగా ఉన్నాయి. ప్రతి కరిగింపులో తగరం కొంత చిట్టెంగా పోతుంది గనుక, ఆ మేరకు కొత్త తగరం చేర్చాము. తరువాత మళ్ళీ కొత్త అంకురాలు పుట్టి, కొత్త డెల్టా పెరిగింది. ఈసారి గంటను నాలుగు రోజులు గుంటలోనే ఉంచాము. ఎవరూ ముహూర్తం మాట ఎత్తలేదు. ఎప్పుడు తీయాలో మేస్త్రి చెప్పాడు. నేను గట్టున కూర్చున్నాను.

మూసను నిదానంగా చల్లారనీయడం తెలుగునేలకు కొత్త విద్య కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోన సముద్రంలో మూసలలో ఉక్కు చేసేవారు. వాయిసీ అనే ఆంగ్లేయుడు అక్కడి విధానాన్ని చూసి వ్రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంతదూరం వచ్చేవారు. ఆ మూస ఉక్కును చల్లార్చి, తిరిగి కాచి, సాగగొట్టగా కత్తి అలుగుపై తేలే నీటి అలలవంటి రేఖలు ఇనుము, కర్బనం కలిసి పుట్టిన ఒక కఠిన ప్రావస్థ బారులే.

ఒక యువకుడు చక్కని ప్రశ్న వేశాడు. చల్లారిన తరువాత కూడా లోహం లోపల మార్పులు జరుగుతాయా, ఇరవై ఏళ్ళకు మన గంట పలుకు మారుతుందా అని. కొన్ని లోహాలలో జరుగుతాయి. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అల్యూమినియంలో కొద్దిగా రాగి, మెగ్నీషియం కలిపి, కాల్చి నీటిలో ముంచాడు. వారాంతపు సెలవుకు ముందు మెత్తగా ఉన్నది తిరిగి వచ్చి చూసేసరికి గట్టిపడింది. ఎవరూ తాకలేదు. బల్లమీద ఊరికే ఉన్న లోహంలో రాగి పరమాణువులు నెమ్మదిగా గుమిగూడుతున్నాయని 1938లో గినియే, ప్రెస్టన్ అనే ఇద్దరు వేరువేరుగా ఎక్స్ కిరణాలతో కనుగొన్నారు. విమానాల రెక్కలు ఆ సూక్ష్మ గుంపుల బలంమీదనే నిలిచాయి.

తగరానికి మరొక జబ్బున్నది. 13 డిగ్రీలకు దిగువన తెల్లని తగరం బూడిదరంగు పొడిగా మారవచ్చు. ఐరోపా చలిదేశాల చర్చీలలో వాద్యపు గొట్టాలు ఈ విధంగా రాలిపోయాయి. మన కళాయి పాత్రలకు ఆ భయం లేదు. మన చలి దానికి చాలదు.

మన గంటకూ ఆ భయం లేదు. సమతాస్థితి పటం ప్రకారం 350 డిగ్రీలకు దిగువన డెల్టా కూడా విడిపోయి ఎప్సిలాన్ అనే మరొక ప్రావస్థ పుట్టవలసి ఉన్నది. అది పుట్టదు. ఆ వేడిమి వద్ద పరమాణువుల నడక ఎంత మందగిస్తుందంటే, అంకురం ఏర్పడడానికి శతాబ్దాలు కూడా చాలవు. వేల సంవత్సరాలు భూమిలో ఉన్న కంచు వస్తువులను కోసి సూక్ష్మదర్శినిలో చూసినా ఆల్ఫా, డెల్టాలే కనబడతాయి. మీ మునిమనుమలు వినేది ఇదే పలుకు.

చివరగా కొన్ని మనవులు. గంట నాలుకను మెత్తని ఇనుముతో చేయించాము, దానిని మార్చి గట్టి ఉక్కు బిగించవద్దు. రాళ్ళతో, కొబ్బరికాయలతో గంటను కొట్టవద్దు. ఎండలో కాలిన గంటమీద చన్నీళ్ళు పోయవద్దు. ఎప్పుడైనా బీట కనబడితే అతుకు వేయించవద్దు, అతుకు దగ్గరి వేడికి పక్కన మరొక బీట పుడుతుంది. కొన్ని సంవత్సరాలకు ఒకసారి గంటను కొద్దిగా త్రిప్పి వ్రేలాడదీస్తే నాలుక ఒకేచోట తగిలి అరగదు. ఈ పనికి కంచరి మేస్త్రినే పిలవండి. ఆయన చిరునామా సంఘం కార్యాలయంలో ఉన్నది.

మొదటి గంటను తిరిగి మూసలో వేయడానికి ముందు, సంఘం అనుమతితో, బీట అంచునుండి గోరంత నమూనా రంపంతో కోసి తీసుకొన్నాను. ముక్కలు ఒక్కటీ విడవలేదని ఇందాక అన్నమాటకు ఇది ఒక్కటే మినహాయింపు. దానిని నునుపు చేసి, నా పాత సూక్ష్మదర్శినితోపాటు కార్యాలయంలో ఉంచాను. పసుపు కొమ్మల మధ్య నీలితెలుపు డెల్టా, దానిని చీల్చుకొని పోయిన నల్లని గీత స్పష్టంగా కనబడతాయి. ఆదివారాలు ఉదయం అర్చన ముగిసిన తరువాత నేను అక్కడే ఉంటాను. పిల్లలను తప్పక తీసుకొని రండి.